గోట్లీ మడత పడవ

యుద్ధచరిత్రల్లో పడవ చేసినవాడి పేరు అరుదుగా కనిపిస్తుంది. ఫ్రెడ్ గోట్లీని మాత్రం తలచుకోవాల్సిందే. 1942లో బ్రిటన్ రాయల్ మెరైన్స్ మేజర్ హాస్లర్ ఓ చిన్న దళాన్ని కూడగట్టాడు. రాత్రివేళ శత్రువు రేవుల్లోకి చొరబడి, ఓడలకు అయస్కాంతపు మందుపాతరలు అతికించడం దాని పని. నేటి స్పెషల్ బోట్ సర్వీస్‌కు మూలాల్లో ఒకటి అదే.

ఆ పనికి గోట్లీ చేసిన పడవ ఎంత నేర్పుగా ఉంటుందో! అడుగున చదునైన ప్లైవుడ్, పక్కలకు కాన్వాస్. మడిస్తే జలాంతర్గామిలోకి దూరుతుంది. విప్పితే ఇద్దరు మనుషుల్నీ, వాళ్ల మందుపాతరల్నీ మోస్తుంది. బురదగట్టు మీదికి ఈడ్చినా తట్టుకుంటుంది.

ఆ డిసెంబరులో ఫ్రాన్స్‌లోని జిరోండ్ ముఖద్వారం దగ్గర ఐదు పడవలు సముద్రంలో దిగాయి. వాటి గమ్యమైన బోర్డో రేవు దాకా చేరినవి రెండే. పదిమందిలో ప్రాణాలతో మిగిలింది హాస్లర్, ఆయన జోడీ బిల్ స్పార్క్స్.