రొయ్యల గుంటలూ బ్యాంకు డివిడెండూ

మా నెల్లూరు తీరంలో రొయ్యల పంట బాగా పండిన ఏడు డబ్బు బంగారానికో భూమికో పోయేది. ఇప్పుడు షేర్లకూ పోతోంది. పెద్దవాళ్లకైతే బ్యాంకు షేర్ల మీదే గురి. "ఏటేటా డివిడెండ్ వస్తాది గదబ్బాయా, ఇంకేం గావాల" అంటాడు మా బాబాయి. ఆయనకి ఇందుకూరుపేట వైపు గుంటలున్నాయి.

ఎంత శాతం అని కాదు, దేని మీద శాతం అని అడుగుతాన్నేను. బ్యాంకులు ప్రకటించేది ముఖ విలువ మీద. సిటీ యూనియన్ బ్యాంకు షేరు ముఖ విలువ 1 రూపాయి, కరూర్ వైశ్యాది 2, కర్ణాటక బ్యాంకుది 10. రూపాయి షేరుకు 200 శాతం అంటే చేతికొచ్చేది 2 రూపాయలే. మనం చూడాల్సింది షేరు ఇవాళ్టి ధర మీద ఎంత వస్తోందన్నది, అంటే డివిడెండ్ యీల్డ్. 100 రూపాయల షేరుకు 5 వస్తే 5 శాతం.

ఆ షేరు 50కి పడితే అదే 5 రూపాయలు తెరమీద 10 శాతమై కూర్చుంటుంది. బ్యాంకు పైసా ఎక్కువివ్వలేదు. పోయినేటి డివిడెండును ఇవాళ్టి ధరతో భాగించారు, అంతే. వచ్చే ఏడు ఆ 5 రాదేమోనన్న అనుమానంతోనే ధర పడి ఉండొచ్చు. అందుకే 10 శాతం కనబడితే నాకు ఆశ కన్నా అనుమానమే ముందు పుడుతుంది.

ఆంధ్రా బ్యాంకునే చూడండి. 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య పెట్టిన బ్యాంకు కాబట్టి, మనవాళ్లు లెక్కతో పాటు అభిమానంతోనూ కొన్న షేరు అది. 2011-12కి షేరుకు 5.50 రూపాయలు పంచింది. 2017-18లో 3,400 కోట్లకు పైగా నష్టం చూపింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు వెయ్యి షేర్లకు 325 షేర్లిచ్చారు. ఇదంతా రాత్రికి రాత్రి జరగలేదు. మొండి బాకీలు ఎలా పెరుగుతున్నాయో మూడు నెలలకోసారి వచ్చే ఫలితాల్లో కనబడుతూనే ఉంది. నికర మొండి బాకీలు 7 శాతానికి చేరితే డివిడెండే ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు 2005లోనే గీత గీసింది. కాబట్టి యీల్డ్ కన్నా ముందు ఆ అంకె చూడాలి.

షేరును ఫిక్స్‌డ్ డిపాజిట్‌తో పోల్చేవాళ్లకు లక్ష్మీ విలాస్ బ్యాంకు కథ చెబుతాను. 2020 నవంబరులో దాన్ని డీబీఎస్ బ్యాంకులో కలిపారు. డిపాజిట్లు భద్రం. షేర్ల విలువ సున్నా.

ప్రాంతీయ బ్యాంకుల్లో ఇంకో మెలిక ఉంది. అప్పులన్నీ ఒకే చుట్టుపక్కల ఇస్తే, ఆ ప్రాంతానికి జలుబు చేసినప్పుడు బ్యాంకుకీ తుమ్మొస్తుంది. 1994-95లో రొయ్యలకొచ్చిన వైట్ స్పాట్ తెగులు మా గుంటల్ని ఊడ్చేసింది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరి రొయ్య ధర మీద దెబ్బ పడింది. అలాంటి ఏడు గుంటలో రాబడీ ఉండదు, ఆ గుంటలకే అప్పులిచ్చిన బ్యాంకు డివిడెండూ తగ్గొచ్చు. అందుకే బాబాయికి వార్షిక నివేదికలో ఏ రాష్ట్రంలో ఎన్ని బ్రాంచీలున్నాయో, ఏ రంగానికి ఎంత అప్పిచ్చారో ఉండే పేజీలు ముందు తీసిపెడతాను. ఆయన మాత్రం చైర్మన్ ఫొటో ఉన్న పేజీ దగ్గరే ఆగుతాడు.

పన్ను సంగతీ ఒకటుంది. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్‌ను మన ఆదాయంలోనే కలుపుతున్నారు. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు 5 శాతం యీల్డ్ చేతికొచ్చేసరికి మూడున్నరే.