బ్రాన్ సందు, న్యూయీ పుల్‌రాడ్

2009లో ఫార్ములా వన్ నిబంధనలు డిఫ్యూజర్‌ను వెనక ఇరుసు మధ్యగీత దగ్గరే మొదలుపెట్టమన్నాయి. పొడవు 350, వెడల్పు 1000, ఎత్తు 175 మిల్లీమీటర్లు దాటకూడదన్నాయి. ఇంత చిన్న పెట్టెలోంచి బ్రాన్ బీజీపీ 001, రెడ్‌బుల్ ఆర్‌బీ5 కార్లు చెరో దారి వెతుక్కున్నాయి. మొదటిది లొసుగు పట్టుకుని గెలిచిందనీ, రెండోదే అసలు ఇంజనీరింగ్ అనీ చెప్పుకోవడం రివాజు. నేను ఒప్పుకోను.

డిఫ్యూజర్ పని ఇది: కారు అడుగున ఇరుకులో పరుగెత్తిన గాలికి వెనక క్రమంగా చోటు పెంచి, వేగం తగ్గించి, బయటి పీడనానికి చేర్చడం. గాలి ఎంత బాగా విప్పారితే అడుగున పీడనం అంతగా పడిపోతుంది, కారు నేలకు అంతగా అతుక్కుంటుంది. ఏటవాలు మరీ నిటారుగా పెడితే మాత్రం గాలి తలాన్ని వదిలేసి సుడులు తిరుగుతుంది, పట్టు జారిపోతుంది. కాబట్టి 175 మి.మీ.లో వంపు ఎంత తెలివిగా తీర్చినా దక్కేది కొంతే.

బ్రాన్ బృందం చోటునే పెంచింది. అప్పట్లో కారు అడుగున మధ్యభాగం కిందికీ, పక్కభాగాలు 50 మి.మీ. పైకీ ఉండేవి. ఆ రెంటినీ కలిపే నిలువు మెట్టు దగ్గర సందు వదిలి, గాలిని డిఫ్యూజర్ పైన కట్టిన రెండో అంతస్తులోకి పంపారు. తలంలో రంధ్రం పెడితే తప్పు, ఇది రెండు తలాల మధ్య సందు కదా అని వాదన. ప్లీడరు బుర్రే, కాదనను. ఫెరారీ, రెనో, రెడ్‌బుల్ గొడవపడినా ఏప్రిల్ 15న క్రీడ పాలకమండలి ఎఫ్‌ఐఏ అప్పీల్ కోర్టు సందు సక్రమమేనంది. మొదటి ఏడు రేసుల్లో ఆరు బ్రాన్ డ్రైవర్ జెన్సన్ బటన్‌వే. కానీ ఇవే రెండంతస్తులు టొయోటా, విలియమ్స్ కార్లకూ ఉన్నాయి. ఆ ఏడాది ఆ రెండూ ఒక్క రేసూ గెలవలేదు. సందే గెలిపించిందనేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

రెడ్‌బుల్ కార్ల రూపకర్త ఏడ్రియన్ న్యూయీ ఆర్‌బీ5లో డిఫ్యూజర్ పైన ఉన్న చోటును ఖాళీ చేశాడు. వెనక సస్పెన్షన్‌కు పుల్‌రాడ్ (లాగి పనిచేసే కడ్డీ) పెట్టి, స్ప్రింగుల సరంజామాను గేర్‌బాక్స్ అడుక్కి దించాడు. వెనక భాగం సన్నబడింది. పైనుంచి వచ్చే గాలి అడ్డు లేకుండా డిఫ్యూజర్ అంచు మీదికీ, వెనక రెక్క కిందికీ చేరింది. అక్కడ తగ్గిన పీడనం అడుగు గాలిని బయటికి లాగింది. తీర్పు వచ్చిన నాలుగో రోజున, ఒంటి అంతస్తుతోనే రెడ్‌బుల్ డ్రైవర్ వెటెల్ చైనాలో గెలిచాడు. అది వాన రేసు, దాని వాటా దానికివ్వాలి.

అందంలో నా ఓటు ఆర్‌బీ5కే. అయితే ఆ అందమే దాన్ని ఇరుకున పెట్టింది. మొనాకోలో రెండో అంతస్తు తగిలించే వేళకి, కిందికి దించిన సామానే దారికి అడ్డం. బ్రాన్ కారు ఆ చోటు ముందే ఉంచుకుని పుట్టింది. సీజన్ ముగిసేసరికి బ్రాన్‌కు 8 విజయాలు, రెడ్‌బుల్‌కు 6.

2010లో ఆర్‌బీ6కు న్యూయీ గేర్‌బాక్స్‌ను పైకెత్తి, పుల్‌రాడ్ వదలకుండానే రెండంతస్తులకు దారిచ్చాడు. ఆ ఏడాది రెండు టైటిళ్లూ రెడ్‌బుల్‌వే. 2011లో నిబంధనలు పై అంతస్తును కొట్టేసి ఎత్తును 125 మి.మీ.కు కుదించాయి. పుల్‌రాడ్‌ను మాత్రం పోటీదారులు ఒక్కొక్కరే ఎత్తుకుపోయారు.