మాగ్రిట్ రాత్రీ, నీకు స్వాగతం

ఏడాదికి ఒక్క రాత్రి వస్తావు. బ్రసెల్స్‌ను చలి ఇంకా వదలని రోజుల్లో వస్తావు. టోపీ పెట్టుకున్న మనిషి ముఖానికి ఆకుపచ్చ ఆపిల్ అడ్డం పెట్టిన చిత్రకారుడు రెనే మాగ్రిట్ పేరు పెట్టుకుని వస్తావు. రా, సినిమా బహుమతుల రాత్రీ!

ఫ్రెంచి మాట్లాడే బెల్జియంది చెప్పుకోలేని కష్టం. పక్కనే ఫ్రాన్స్. భాష ఒకటే, బజారు మాత్రం వాళ్లది. నటుడికి కాస్త పేరొస్తే పారిస్ రైలెక్కాలి. ఆ తర్వాత లోకానికి అతను ఫ్రెంచివాడే. నమూర్‌లో పుట్టిన నటి సెసీల్ ద ఫ్రాన్స్‌కైతే ఇంటిపేరులోనే ఫ్రాన్స్ ఉంది. అలా వెళ్లిన పిల్లలందరినీ పేరుపెట్టి పుట్టింటికి పిలిచే రాత్రివి నువ్వు.

2011 ఫిబ్రవరిలో నీ దీపాలు మొదటిసారి వెలిగాయి. జాకో వాన్ డోర్మేల్ తీసిన 'మిస్టర్ నోబడీ'ని ఉత్తమ చిత్రమన్నావు. అందులో మాటలు ఇంగ్లీషువి. అయినా తీసింది మనవాడేనని అక్కున చేర్చుకున్నావు.

నిన్ను నడిపే అకాడమీకి దర్శకుడు ఆంద్రే డెల్వో పేరు పెట్టారు. ఎంత మంచి పని! వయసులో ఉండగా ఆయన బ్రసెల్స్‌లో మూకీ సినిమాలకు పియానో వాయించేవాడు. తెర మీద పెదాలు ఊరికే కదిలేవి, చీకట్లో ఆయన వేళ్లు పలికేవి. 1965లో డచ్చి సినిమా తీశాడు, తర్వాత ఫ్రెంచిలోనూ తీశాడు. భాష పేరుతో గీత గీసుకున్న దేశంలో, గీతకు రెండు వైపులా తిరిగిన మనిషి. అవతల ఫ్లెమిష్ సినిమాకూ ఓ పురస్కారాల పండుగ ఉంది. దానికీ చిత్రకారుడి పేరే, జేమ్స్ ఎన్సోర్. వేరుపడ్డ అన్నదమ్ములు గడప మీద ఒకేలాంటి ముగ్గు వేసుకున్నట్టు!

2021లో మహమ్మారి నిన్ను రానివ్వలేదు. మరుసటి ఏడు వచ్చి, లారా వాండెల్ మొదటి సినిమాకి ఏడు బహుమతులు ఇచ్చావు. కథంతా బడిలోనే. కెమెరా ఓ చిన్నపిల్ల కళ్లంత ఎత్తులోనే ఉంటుంది. పెద్దవాళ్లవి చేతులు, నడుములు, చొక్కా అంచులు కనిపిస్తాయి. వాళ్లు కిందికి వంగితేనే ముఖం. ఆ చిన్న ఎత్తును గుర్తించిన కళ్లు నీవి.

కానీ నిన్ను తలచుకున్నప్పుడల్లా నాకు కనిపించేది ఓ గ్యాస్ బండ. డార్డెన్ సోదరులు లియేజ్ పక్కన సెరాన్‌లో తీసిన 'రోసెట్టా' చివర్లో ఉంటుంది. అందులో పని కోసం అల్లాడే పిల్లగా వేసిన ఎమిలీ దెకెన్‌ను 1999లో కాన్ చిత్రోత్సవం ఉత్తమ నటి అంది. అప్పటికి నువ్వింకా పుట్టలేదు. 2013లో జోకిమ్ లఫోస్ సినిమాలో ఆమె నటనకు నువ్వూ ఆ మాట అన్నావు. ఆలస్యమైనా అన్నావు, అది చాలు నాకు. 2025 మార్చిలో, 43 ఏళ్లకే, ఎమిలీ వెళ్లిపోయింది.

రోసెట్టా ఆ బండను రెండు చేతులా పట్టుకుని మోస్తుంది. దింపుతుంది. మళ్లీ ఎత్తుతుంది. సంగీతం లేదు, ఆయాసం వినిపిస్తుంది. ఇక చేతకాక బండ మీదికి ఒరిగి ఏడుస్తుంది. ఎవరివో చేతులు లేపి నిలబెడతాయి. ఎర్రబడ్డ ముఖంతో అటు తిరిగి చూస్తుంది.


తెర చీకటవుతుంది.