పాసంగం చూసే ప్రోగ్రాం

సున్నాకు సున్నా కలిపితే సున్నాయేనా? ఒకట్లోంచి ఒకటి తీసేస్తే ఏమైనా మిగులుతోందా? ఒకటీ ఒకటీ రెండేనా? పారనోయా అనే ప్రోగ్రాం తన పనిని ఈ ప్రశ్నలతో మొదలుపెడుతుంది. దీన్ని బేసిక్ భాషలో రాసినది బర్కిలీ ప్రొఫెసర్ విలియం కహాన్. ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలకు 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణాన్ని తీర్చిదిద్దడంలో ముందు నిలిచినవారాయన. 1989లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. అంతటి మనిషి ఒకటో తరగతి కూడికల దగ్గర కూర్చోవడం నాకెంతో నచ్చింది. లెక్కచేసే యంత్రాన్నే అనుమానించాల్సి వచ్చినప్పుడు దాని జవాబును దేంతో సరిచూస్తాం?

కొట్లో త్రాసు మీద అనుమానం వస్తే సరుకునూ రాయినీ అటుదిటు మార్చి చూస్తారు. పాసంగం ఉంటే బయటపడుతుంది. కొత్త త్రాసు తేనక్కర్లేదు. కహాన్ పనితనం అలాంటిదే. నిగ్గుతేలిన లెక్క మీదే తర్వాతి అడుగు వేస్తారు.

ఒక యంత్రం ఏ ఆధారసంఖ్యతో లెక్కలు చేస్తుందో ఆయన మాన్యువల్లో చూడరు, యంత్రాన్నే అడుగుతారు. ఒకటిని తీసుకుని రెట్టింపు చేసుకుంటూ పోతారు. ప్రతిసారీ దానికి ఒకటి కలిపి, మళ్లీ అదే సంఖ్యను తీసేసి, ఆ ఒకటి తిరిగొచ్చిందా అని చూస్తారు. 53 బిట్ల ఖచ్చితత్వమున్న యంత్రంలో 9,00,71,99,25,47,40,992 దగ్గర ఆ ఒకటి మాయమవుతుంది. ఇప్పుడు ఒకటికి బదులు రెండు, నాలుగు, ఎనిమిది కలిపి చూస్తారు. తీసివేత తర్వాత మొట్టమొదట సున్నా కాకుండా ఏది మిగిలితే అదే ఆధారసంఖ్య. సన్ వర్క్‌స్టేషన్‌లో 2 వస్తుంది, ఐబీఎం 360 మెయిన్‌ఫ్రేమ్‌లో 16. కూడిక, తీసివేత తప్ప మరేమీ వాడకుండా యంత్రం కడుపులో రహస్యం చెప్పించారు!

అక్కడితో తృప్తిపడరు. ఒకటి తర్వాత యంత్రం పట్టుకోగల సంఖ్య ఎంత దూరంలో ఉందో ఈ దారిన లెక్కగట్టాక, నాలుగును మూడుతో భాగించి, ఆ భాగహారంలో తప్పనిసరిగా మిగిలే పొరపాటును వెలికితీసి, అదే దూరాన్ని మరో దారిన కొలుస్తారు. రెండు కొలతలూ కలవాలి. ఈ ఒక్క చోటును నేను ఎన్నిసార్లు చదివానో.

పాత సన్-3 వర్క్‌స్టేషన్ మీద పారనోయాను నడపాలంటే నడిపేవారికీ పనితనం కావాలి. అందులోని మోటరోలా 68881 కోప్రాసెసర్‌లో 80 బిట్ల రిజిస్టర్లు ఎనిమిది. వాటిలో సంఖ్యకు 64 బిట్ల ఖచ్చితత్వం. మెమరీలో ఉండే డబుల్ ప్రెసిషన్ సంఖ్యకు మాత్రం 53. కంపైలర్ ఒక విలువను రిజిస్టర్‌లో ఉంచి, రెండోదాన్ని మెమరీలోకి దింపితే కొలతలు పొసగవు. చిప్ నిర్దోషి అయినా ఫిర్యాదులు వచ్చిపడతాయి. సన్ కంపైలర్‌కు చలరాశిలో పెట్టే ప్రతి ఫలితాన్నీ మెమరీలోకి దింపమని చెప్పవచ్చు. కానీ అప్పుడు ఒకే జవాబు ముందు 64 బిట్లకు, తర్వాత 53కు, రెండుసార్లు రౌండవుతుంది; అరుదుగానైనా చివరి బిట్ తప్పుతుంది. చిప్ కంట్రోల్ రిజిస్టర్‌లో ఖచ్చితత్వాన్ని డబుల్‌కు తగ్గించడం ఇంకా మెరుగైన దారి. ఆప్టిమైజర్‌ను ఆపడం మరవకూడదు. ఒకటి కలిపి అదే సంఖ్యను తీసేస్తే ఒకటే కదా అని అది బడి లెక్క చేసి పెడితే, రెట్టింపుల చక్రానికి అంతుండదు.

దొరికిన లోపాలను పారనోయా ఒకే గాటన కట్టదు. వైఫల్యం, తీవ్రలోపం, లోపం, చిన్న మచ్చ అని నాలుగు తరగతులు. తర్వాత ఇది పాస్కల్‌కూ సీ భాషకూ వెళ్లింది. 1985 ఫిబ్రవరి బైట్ పత్రికలో రిచర్డ్ కార్పిన్స్కీ దీన్ని పాఠకులకు పరిచయం చేశారు. ప్రోగ్రాం మొదట్లో కనిపించే సూచనల్లో ఒకటి నాకు బాగా ఇష్టం. సున్నాతో భాగించినప్పుడో, సంఖ్య హద్దు దాటినప్పుడో యంత్రం మధ్యలో ఆగిపోతే నిరాశపడొద్దంటుంది. ఎన్ని మైలురాళ్లు దాటిందో చూసుకుని, ప్రోగ్రాంను సరిచేసి, ఇంకాస్త ముందుకు నడిపించమంటుంది.