విఠలాచార్య చీకటికి రంగు పూయవచ్చునా?

పాత ఇంటికి సున్నం కొట్టించినట్టే పాత సినిమాకు రంగు వేయించవచ్చుననే అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. నలుపు తెలుపు అంటే లేమి, రంగు అంటే కలిమి. లేనివాడికి కొత్త బట్టలు పెడితే తప్పేమిటని వారి వాదన. వినడానికి ధర్మంగానే ఉంటుంది. కాని ఆ సినిమాలో రంగు ఒకప్పుడు ఉండి తరవాత వెలిసిపోలేదు. మొదటినుంచీ లేనిదాన్ని చేర్చి దానికి పునరుద్ధరణ అని పేరు పెట్టడం ఎంతవరకు సబబు? ముఖ్యంగా డబ్బు లేక చీకటినే పెట్టుబడిగా పెట్టి తీసిన చవక జానపదాల విషయంలో ఈ ప్రశ్న వేసుకోక తప్పదు.

ఇప్పుడే వేసుకోవడానికి కారణం ఉంది. మన కాపీరైటు చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు. 1957 నాటి ‘మాయాబజార్’కు 2017తోనూ, 1963 నాటి ‘బందిపోటు’కు 2023తోనూ, 1964 నాటి ‘అగ్గిపిడుగు’కు 2024తోనూ ఆ గడువు తీరిపోయింది. వాటిలోని పాటల సాహిత్యానికీ సంగీతానికీ లెక్క వేరు. బొమ్మ మటుకు, ఓ మోస్తరు ప్రింటూ ఓ కంప్యూటరూ ఉన్నవారెవరికైనా అందుబాటులోకి వచ్చినట్టే. పాత పాటలు యంత్రం పూసిన రంగులతో సెల్‌ఫోనుల్లో తిరుగుతూనే ఉన్నాయి. రేపు పూర్తి సినిమాలు వస్తాయి. వచ్చాక నొచ్చుకునేకంటే ముందే ఒక మాట అనుకోవడం మంచిది.

తెలుగులో ఈ పని మొదట జరిగింది ‘మాయాబజార్’కే. హిందీలో ‘మొఘల్-ఎ-ఆజమ్’ 2004లో, ‘నయా దౌర్’ 2007లో, కన్నడంలో ‘సత్య హరిశ్చంద్ర’ 2008లో రంగుల్లోకి మారాయి. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వారు 2007లో విజయా వారి చిత్రాలు 14 ఒక్కసారిగా కొని, వాటిలోంచి ‘మాయాబజార్’ను ఎంచి, 2010 జనవరి 30న విడుదల చేశారు. ఆ తరవాత అది ఇళ్లలోని తెరలకూ చేరింది. ఆ శ్రమను తక్కువ చేయనక్కర్లేదు. సెకనుకు 24 బొమ్మల చొప్పున రెండున్నర గంటల సినిమాలో 2,16,000 బొమ్మలుంటాయి. ప్రతి బొమ్మలోనూ ముఖమెక్కడ, నగ ఎక్కడ, తెర ఎక్కడ అని గీత గీయించాలి. గీతలు పోయి, శబ్దం శుభ్రపడి, అరవై ఏళ్లవారితోపాటు ఆరేళ్లవారూ హాలుకు వచ్చారు. అది చిన్న మేలు కాదు.

పోయిందేమిటో కూడా చూడాలి. 1957 నాటి బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది. దాన్ని సినిమాస్కోపు చేయాలంటే పైనా కిందా కోయాలి, లేదా సాగదీయాలి. ఏది చేసినా కె.వి.రెడ్డిగారు కట్టిన కూర్పు చెదురుతుంది. ఇక వెన్నెల. మన ఉత్తర మద్రాసులోని ఎన్నూరు నీళ్ల మీద మార్కస్ బార్‌ట్లీ కెమెరాతో పుట్టించిన ‘లాహిరి’ వెన్నెలకు తెలుగు దేశమంతా మురిసిపోయింది. అది బూడిదలోంచి వెండి తీసిన విద్య. రంగు వేసేవాడికి వెండి చాలదు, నీలం కావాలి. నీలం పడగానే వెలుగుగా ఉన్న వెన్నెల పూతగా మారింది. కృష్ణుడి మేనిఛాయ ఏమిటో నలుపు తెలుపు బొమ్మ మన ఊహకు వదిలేసింది. ప్రతి ప్రేక్షకుడూ తన ఇంటి పటంలోని కృష్ణుణ్ణి ఆ బూడిదరంగు మీద నిలుపుకున్నాడు. రంగు బొమ్మ ఏదో ఒకటి తేల్చి చెప్పక తప్పదు.

అయినా ‘మాయాబజార్’ తట్టుకుంది. కలిగిన ఇంటి బిడ్డ అది. గోఖలే, కళాధర్‌ల కళ ఉంది. ద్వారక కోసం 50 అడుగులకు 60 అడుగుల చోటులో 300 అట్ట ఇళ్లు నిలిపి, వాటిలో దీపాలు వెలిగించగల స్తోమత ఉంది. వెలుతురు పెంచినా బయటపడే అతుకులు తక్కువ. అసలు పరీక్ష అంత స్తోమత లేని చిత్రాలకే.

ఆ పరీక్ష అమెరికాలో ఇదివరకే జరిగింది. 1968లో జార్జి రొమేరో అనే యువకుడు లక్ష డాలర్ల పైచిలుకు సొమ్ముతో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అనే శవాల కథ తీశాడు. పేరు మార్చినప్పుడు కాపీరైటు ప్రకటన జారిపోయి అది ఎవరి సొత్తూ కాకుండా పోయింది. 1986లో ఒక కంపెనీ రంగు వేసి వీడియో క్యాసెట్టుగా వదిలింది. లేచి వచ్చిన శవాలకు ఆకుపచ్చ రంగు పూశారు. మూలంలో వాటి పాలిపోయిన ముఖాలు పక్కింటివాడి ముఖాల్లాగే ఉంటాయి. భయమంతా అక్కడే ఉంది. ఆకుపచ్చ పడేసరికి అవి పండగ వేషాలయ్యాయి. ఆ సినిమాలో నెత్తురు చాక్లెట్ పానకం. నలుపు తెలుపులో అది నెత్తురే. దానికి ఎరుపు పూస్తే అబద్ధం మీద ఇంకో అబద్ధం. 1997లో ఒకసారి, 2004లో మరోసారి దానికే మళ్లీ రంగులు వేశారంటే మొదటివి నిలవలేదనే కదా!

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ‘విఠలాచార్య సినిమా’ అన్న మాట మన భాషలో నుడికారమై కూర్చుంది. ఉడుపి ప్రాంతంలో 1920లో పుట్టి, కన్నడంలో మొదలుపెట్టి, మద్రాసు చేరి, 1999లో కన్నుమూసేదాకా తెలుగువాడి జానపదానికి మారుపేరుగా నిలిచిన మనిషి ఆయన. పేచీ పెట్టిన నటుణ్ణి కథలో చిలకగానో మేకగానో మార్చేసి షూటింగు ముగించేవాడని కోడంబాకంలో చెప్పుకునే కథ నిజమో కాదో గాని, ఆయన పొదుపుకు అది సరైన బొమ్మ. ‘మదనకామరాజు కథ’, ‘బందిపోటు’, ‘అగ్గిపిడుగు’, ‘జ్వాలాద్వీప రహస్యం’ - ఒకే కోటగోడ నాలుగు రాజ్యాలకు పనికివస్తుంది. తెర మారితే అంతఃపురం, కాగడా పెడితే కారాగారం.

ఈ పొదుపుకు మూలధనం చీకటి. ఆ రోజుల ట్రిక్కు ఫొటోగ్రఫీ తెలిసినవారికి ఇది కొత్త మాట కాదు. నల్లటి తెర ముందు తీస్తే ఫిల్ములో ఆ భాగానికి వెలుతురు సోకదు. తెల్లకాగితంలా ఖాళీగా ఉంటుంది. ఫిల్మును వెనక్కి తిప్పి, ఆ ఖాళీలో ఇంకో బొమ్మ తీయవచ్చు. గాలిలో తేలే తలకాయ, ఒంటరిగా ఆడే చెయ్యి, నడిచే అస్థిపంజరం అన్నీ ఈ ఖాళీలో పుట్టినవే. కనబడకూడని ఒంటికి నల్లగుడ్డ కడితే ఒళ్లు మాయం. అంటే ఇలాంటి సినిమాలో నలుపు మంత్రగాడి సంచి. ఉన్నదీ లేనిదీ అందులోంచే వస్తాయి.

రంగు వేసేవాడు ఆ సంచిని విప్పక తప్పదు. కటిక చీకటి మీద ఏ రంగూ కనబడదు కాబట్టి ముందు నీడలకు వెలుతురు పెంచుతాడు. పెంచగానే నల్లగుడ్డ అంచు లేచి వస్తుంది, తీగ మెరుస్తుంది, గుహ గోడ మీద కాగితపు ముడతలు తేలతాయి. తరవాత ఆ గోడకు మట్టిరంగు, మంత్రగాడి గడ్డానికి గోధుమరంగు. గడ్డం జిగురుతో అంటించిందని నలుపు తెలుపులో మనకు తెలిసీ తెలియదు, రంగులో తెలిసిపోతుంది. కిరీటం సంగతి మరీ ముఖ్యం. అట్టకు తగరం అంటించిన కిరీటానికీ అసలు పూత కిరీటానికీ నలుపు తెలుపులో మెరుపు ఒక్కటే. కాంతారావు నెత్తిమీది అట్ట, పెద్ద కంపెనీ హీరో నెత్తిమీది బంగారం అక్కడ సరిసమానం. రంగు వచ్చి ఆ ఇద్దరినీ మళ్లీ వేరు చేస్తుంది. లేనివాడికి కొత్త బట్టలు పెట్టామనుకున్నాం. నిజానికి నలుగురిలో అతని చిరుగులు చూపించాం.

దీనికి గట్టి ఎదురుమాట ఒకటుంది. విఠలాచార్య నలుపు తెలుపుకు మొక్కుకున్నవాడేం కాదు. చేయి ఆడగానే రంగుల్లోకి వెళ్లాడు. 1978 నాటి ‘జగన్మోహిని’ రంగుల చిత్రమే. కట్టెల బదులు కాలే పొయ్యిలో పెట్టి వంట చేసే దయ్యాన్ని తమిళులు కూడా మరచిపోలేదు. ఆయనకే అభ్యంతరం లేనప్పుడు మనకెందుకు? నిజమే. కాని ‘జగన్మోహిని’ని ఆయన రంగును చూసుకుని తీశాడు. చీర, దీపం, నిప్పు రంగు తెలిసి ఎంచాడు. ‘బందిపోటు’ను రంగు లేదని తెలిసి తీశాడు. వంటవాడు ఉప్పు లేదని తెలిసి పులుపుతో సరిచేసిన కూరలో, అరవై ఏళ్ల తరవాత మనం వెళ్లి ఉప్పు వేస్తామంటే అది ఆయన వంట కాదు.

రెండో ఎదురుమాట మనలాంటి చోట ఇంకా బరువైనది. 1964లో మొదలైన పారిశ్రామికవాడ వెంట అంబత్తూరు చేరిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు మనవలు పెరుగుతున్నారు. ఇంట్లో తెలుగు వింటారు. బడిలో చదివేది తమిళం, ఇంగ్లీషు. అచ్చులో ఉన్న తెలుగు వారికి అందదు. చెవికి అందే పెద్ద తెలుగు, పద్యపు ఎత్తుగడ ఉన్న తెలుగు, ఈ పాత సినిమాల్లోనే మిగిలింది. నలుపు తెలుపు అనగానే వాళ్లు లేచిపోతే రంగు వేసైనా కూర్చోబెట్టవద్దా? మా ఇంటి పిల్లలిద్దరూ రంగుల ‘మాయాబజార్’ చివరిదాకా చూశారు. గదిలో దీపం ఆర్పి కాంతారావు జానపదం ఒకటి వేస్తే ఒకడు లేచిపోయాడు, రెండోవాడు దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. కాబట్టి రంగు వల్ల లాభమే లేదనను. లేచిపోయినవాడికి అది గడప. అయితే గడప దాటాక లోపల ఇల్లు మిగిలి ఉండాలి.

మిగిలేలా చూసే బాధ్యత ఎవరిదని చట్టాన్ని అడిగితే మన చట్టం సినిమాకు కర్తగా నిర్మాతను చెబుతుంది, దర్శకుణ్ణి కాదు. ఫ్రాన్సులో జాన్ హ్యూస్టన్ వారసులు ఆయన సినిమాకు రంగు వేయడం మీద దావా వేస్తే, 1991లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం దర్శకుడి పక్షాన నిలిచింది. మనకు ఆ అండ లేదు. గడువు తీరిన సినిమాకు నిర్మాత అండ కూడా లేదు. ఇక మిగిలింది చూసే మనమే.

చూసేవారిగా మనం అడగవలసినవి మూడే. మొదట, రంగుకు ముందు నలుపు తెలుపు బొమ్మనే పూర్తి నిడివితో, అసలు కొలతతో శుభ్రం చేయాలి. ఈ ఊరి ఉక్కకు డబ్బాల్లో పాత ఫిల్ము వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతుంది. ఖర్చు మొదట దాని మీద పెట్టాలి. రెండు, రంగుదానితోపాటు మూలాన్ని కూడా ఒకే చోట ఇవ్వాలి. అమెరికాలో చవక చిత్రాలకు రంగు వేసిన లెజెండ్ ఫిల్మ్స్ వారు అదే డిస్కులో నలుపు తెలుపునూ ఇచ్చారు, కాబట్టి ఇది గొంతెమ్మ కోరిక కాదు. మూడు, రంగు ఎవరు వేశారో, ఏ సంవత్సరం వేశారో, ఏమేమి కోశారో మొదటి అట్టమీదే రాయాలి.

ఈ మూడూ పాటించినవాడు విఠలాచార్య చీకటికి ఏ రంగు పూసుకున్నా మనకు నష్టం లేదు; నచ్చనివాడు మూలం చూసుకుంటాడు. పాటించనివాడు మాత్రం, ఎంత ఖరీదైన రంగు వాడినా, కాంతారావు కిరీటం అట్టదని చాటి వెళ్లిన మనిషిగానే మిగులుతాడు.