‘దేన్ని?’ అని అడగండి

ఇంగ్లీషు క్లాసులో బోర్డు మీద ‘లై’, ‘లే’ పక్కపక్కన రాస్తే చాలు, వెనక బెంచీలో నవ్వులు. మనకు ‘లే’ అంటే నిద్ర లేవమని. వాళ్లకేమో పడుకోబెట్టడం!

లై-లే-లెయిన్, లే-లెయిడ్-లెయిడ్ అని పిల్లలు పట్టిక బట్టీ పడతారు. వాక్యం రాయమంటే తడబడతారు. నా మటుకు నేను పట్టిక పక్కన పెట్టి తెలుగులోనే మొదలుపెడతాను. దిగు-దింపు, వంగు-వంచు, తిరుగు-తిప్పు. ‘పిల్లాణ్ణి బస్సు దిగాను’ అని ఏ తెలుగువాడూ అనడు. ఆ తేడా మన నాలుక మీదే ఉంది. ఇంగ్లీషులోనూ అంతే. క్రియను ‘దేన్ని?’ అని అడగండి. జవాబు వస్తే లే, రెయిజ్, సెట్. రాకపోతే లై, రైజ్, సిట్. ధరలు రైజ్ అవుతాయి, కంపెనీ ధరల్ని రెయిజ్ చేస్తుంది. కోడి గుడ్డు పెట్టినా, మేస్త్రీ ఇటుక పెట్టినా లే. సూర్యుడు మాత్రం దేన్నీ పెట్టకుండానే సెట్ అవుతాడు. ఆయన్ని వదిలేయండి.

పాత ఇంగ్లీషులో ఇలాంటి జంటలు ఇంకా ఉండేవి. ఇప్పుడు మిగిలినవి కొన్నే. రైజ్‌కి అసలు జోడు, పిల్లల్ని పెంచడానికి వాడే రియర్. అది ఆ ఇంటి ఆడపడుచు. రెయిజ్ నార్స్ భాష నుంచి వచ్చిన కోడలు. ఇప్పుడు పెత్తనమంతా కోడలిదే.

అసలు చిక్కు మరోచోట ఉంది. లై భూతకాలం కూడా లేనే. ‘ద బుక్ లే ఆన్ ద టేబుల్’ అంటే పుస్తకం బల్ల మీద ఉండింది అని. అక్కడ ఎవరూ దేన్నీ పెట్టలేదు. ఫెల్‌దీ ఇదే వరస. ఫాల్‌కి భూతకాలం ఫెల్, చెట్టు నరకడమూ ఫెల్లే. ఇక్కడ మాత్రం కాలం చూడక తప్పదు. ఈ ఒక్క ముడి కోసమైతే బట్టీ పట్టినా నేను తప్పు పట్టను.

ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లే ఇందులో పడ్డారు. 1818లో బైరన్ ‘చైల్డ్ హెరాల్డ్’ నాలుగో సర్గలో ప్రాస కోసం లై ఉండాల్సినచోట లే వేశాడు. 1969లో బాబ్ డిలన్ ఏకంగా పాట పేరే ‘లే లేడీ లే’ అని పెట్టాడు. పోటీ పరీక్షలు రాసేవాళ్లు ఆయన దారి పట్టకండి. ఆయనకు 2016లో నోబెల్ ఇచ్చారు, మీకు మార్కు కోస్తారు.