మూత ధర

ఈ వారం ఒక మూత నాకు కోపం తెప్పించింది. మిన్నెసోటాలో మా ఇంటికి దగ్గర్లోని పాతసామాన్ల కొట్లో రెడ్ వింగ్ కంపెనీ చేసిన 5 గ్యాలన్ల జాడీ కనబడింది. తెల్లటి గ్లేజు, మీద ఎర్ర రెక్క, దాని కింద కంపెనీ పేరుతో కోలగా నీలం ముద్ర. వేలి కణుపుతో తడితే గంటలా ఖంగుమంది. పగులుంటే ఆ మోత రాదు, బొంగురుగా పలుకుతుంది. జాడీ ధరకు సరేనన్నాను. మూత మాత్రం విడిగా అమ్ముతారట, ఇంచుమించు జాడీ అంత ధరకి!

వాడని సామాను ఇంట్లో ఉండకూడదన్నది నా పాత పోరు. ఈ జాడీలు క్యాబేజీ ఊరబెట్టడానికీ, ఉప్పుమాంసం నిలవ చేయడానికీ పుట్టాయి. పూటపూటా తీసి పెట్టేది మూతనే కాబట్టి ముందు పగిలేదీ అదే. అందుకే జాడీలు మిగిలినన్ని మూతలు మిగల్లేదు. పళ్ళెం బోర్లిస్తే సరిపోయేదానికి ఈ జత పట్టింపేమిటని విసుక్కుంటూ వచ్చేశాను.

ఆ రాత్రి జాడీల గురించే ఆలోచిస్తుంటే డేవ్ గుర్తొచ్చాడు. దక్షిణ కరొలైనాలోని ఎడ్జ్‌ఫీల్డ్‌లో బానిసగా బతికిన కుమ్మరి. తర్వాత డేవిడ్ డ్రేక్ అని పేరు పెట్టుకున్నాడు. బానిసలకు చదువు చెప్పడం నేరమని ఆ రాష్ట్రం 1834లో చట్టం చేసింది. ఆయన మాత్రం పచ్చిమట్టి మీద గీసి సంతకం పెట్టాడు, తేదీ వేశాడు, కొన్నిటి మీద రెండేసి పాదాల పద్యాలు రాశాడు. 1859లో బాడ్లర్ అనే తోటి కుమ్మరితో కలిసి చేసిన జాడీలో సుమారు 40 గ్యాలన్లు పడతాయి, అంటే 150 లీటర్లు. అంత ఎత్తు సారె మీద ఒక్క ఊపున లేవదు. అడుగుభాగం తిప్పి, దాని మీద మట్టి చుట్టలు పేర్చుకుంటూ, గోడ కూలకుండా పెంచుకు రావాలి. ఆయన జాడీలు ఎవరెవరి తోటల్లోనో పందిమాంసం నింపుకున్నాయి. ఆయన రాత వాటి భుజాల మీద నిలిచింది. 1858 నాటి జాడీ ఒకటి 2021 వేలంలో 15.6 లక్షల డాలర్లు పలికింది. ఆర్కాన్సాలోని క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం కొనుక్కుంది. అందులో ఎవరైనా మాంసం ఊరబెడతానంటే నేనే అడ్డం పడతాను.

రెడ్ వింగ్ జాడీ మీద కంపెనీ ముద్రే ఉంది, చేసిన మనిషి పేరు లేదు. 1967లో సమ్మె తర్వాత ఆ కార్ఖానా మూసేశారు. 1977లో సేకర్తలు సంఘం పెట్టుకున్నారు. ఏ ముద్ర ఏ కాలానిదో, ఏ మూత ఏ కొలతకు కూర్చుంటుందో ఇవాళ మనకు తెలుస్తోందంటే వాళ్ళ పట్టుదల వల్లే. మూత కూడా ఎవరో చేసిందే, జాడీకన్నా ఎక్కువ చేతులు తాకిందే. దాన్ని దాని జాడీతో కలిపి ఉంచడానికి అడిగిన ధర ఇవ్వాల్సిందే.

మర్నాడు వెళ్ళి రెండూ తెచ్చుకున్నాను. ఆవకాయ మాత్రం అందులో పెట్టను. వందేళ్ళ గ్లేజులో కంటికి ఆనని నెర్రెలుంటే ఉప్పు లోపలికి దిగి, ఆరాక పూతను పెచ్చులుగా లేపేస్తుంది. ఆవకాయకు కొత్త జాడీ కొంటాను.